ఐదు శాఖల పటం, ఎదుటి మనిషి ముఖం

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న యువ వైద్యులారా, మీరు మొదటి ఏడాది డిసెక్షన్ హాల్లో చదివిన ఒక నాడి గురించి ఈ సభలో మాట్లాడాలనుకుంటున్నాను. అది ఏడో కపాలనాడి, ఫేషియల్ నర్వ్. వైద్యుడు చదువును పూర్తిగా వంటబట్టించుకోవాలి, అయినా దాన్ని రోగి మీద రుద్దకూడదు. ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధం కావని, ఒకటి లేనిదే రెండోది సాధ్యం కాదని నా వాదన. అందుకు ఈ నాడిని మించిన సాక్ష్యం నాకు కనబడలేదు.

చెవి వెనుక స్టైలోమాస్టాయిడ్ రంధ్రం గుండా బయటపడిన ఈ నాడి పరోటిడ్ గ్రంథిలోకి వెళ్లి, మొదట రెండుగా, ఆపైన ఐదు శాఖలుగా చీలుతుంది. టెంపోరల్ శాఖ నుదుటిపై ముడతలు తెస్తుంది, జైగోమాటిక్ కన్ను మూయిస్తుంది, బక్కల్ చెంపనూ పై పెదవినీ కదిలిస్తుంది, మార్జినల్ మాండిబ్యులర్ కింది పెదవిని దించుతుంది, సర్వైకల్ మెడ మీది ప్లాటిస్మాను బిగిస్తుంది. పరీక్షలో ఇంత రాస్తే మార్కులు పడతాయి. అయితే 1956లో డేవిస్, ఆన్సన్, వారి సహచరులు 350 ముఖార్ధాలను కోసి చూసి, శాఖల అమరికను ఆరు రకాలుగా విభజించారు. శాఖల మధ్య ఎక్కడా కలయిక లేని రకం, అంటే మనం రికార్డు పుస్తకంలో గీసే బొమ్మ లాంటిది, వాటిలో 13 శాతమే. మిగిలిన ముఖాల్లో శాఖలు డెల్టా కాలువల్లా విడిపోయి మళ్లీ ఒకదానితో ఒకటి కలుస్తాయి. బక్కల్ కొమ్మ ఒకటి తెగినా చాలాసార్లు చెంప కోలుకునేది ఈ కలయికల వల్లే. మార్జినల్ మాండిబ్యులర్ శాఖకు ఆ ఆసరా తక్కువ. అది తెగితే నవ్వినప్పుడు కింది పెదవి ఒక పక్క దిగదు, చాలామందిలో అలాగే ఉండిపోతుంది.

మనిషికో తీరుగా ఉండేదాన్ని బట్టీ పట్టడం ఎందుకని మీలో కొందరు అడగవచ్చు. తేడాను గుర్తుపట్టాలంటే ముందు మామూలు తెలియాలి కనుక. 1962లో డింగ్‌మన్, గ్రాబ్ 100 ముఖార్ధాలను పరిశీలించారు. ఫేషియల్ ధమనికి వెనుక భాగంలో మార్జినల్ శాఖ 81 శాతం ముఖాల్లో దవడ అంచుకు పైనే ఉంది. మిగతా 19 శాతంలో అంచు కిందికి, ఒక సెంటీమీటరు దాకా దిగింది. దవడ కింద కోత పెట్టే సర్జన్ అంచు నుంచి రెండు సెంటీమీటర్లు దిగి కత్తి పెట్టడం అందుకే. ఆ జాగ్రత్త ఎక్కువమంది కోసం పుట్టింది కాదు, ఆ 19 మంది కోసం పుట్టింది. ఇక ఆపరేషన్ థియేటర్లో నర్వ్ మానిటర్ ఉండగా ఇదంతా దేనికనే మాట కూడా వినిపిస్తుంది. మానిటర్ మంచి తోడు, సందేహం లేదు. కానీ ఎలక్ట్రోడు ఏ కండరంలో గుచ్చాలో అది చెప్పదు. కండరాలను సడలించే మందు ప్రభావం ఉన్నంతసేపు నాడిని తాకినా అది మూగగానే ఉండవచ్చు. ఆ మౌనాన్ని భద్రత అనుకోకుండా ఉండాలంటే అనాటమీ తెలిసి ఉండాలి.

ఔట్‌పేషెంట్ విభాగానికి రండి. మూతి వంకర పోయిందని ఒక మనిషిని తీసుకొస్తారు. ఇంటిల్లిపాదికీ పక్షవాతమనే భయం. మీరు కనుబొమలు పైకెత్తమంటారు. నుదుటి కండరాలకు మెదడు రెండు వైపుల నుంచీ ఆదేశాలు అందుతాయి కనుక, స్ట్రోకులో సాధారణంగా నుదురు ముడతలు పడుతుంది. నాడే దెబ్బతింటే ఆ పక్క నుదురు నున్నగా ఉండిపోతుంది. ఎంత చక్కని సూత్రం! కానీ పాన్స్‌లో, ఈ నాడి మొదలయ్యే చోటే స్ట్రోకు వస్తే అప్పుడూ నుదురు కదలదు. అందువల్ల నుదురు చూసి అక్కడే ఆగకండి. కంటి కదలికలు, చేతుల, కాళ్ల బలం, నడక కూడా చూడండి. అది బెల్స్ పాల్సీ అని తేలితే ఆలస్యం చేయవద్దు. 2007లో వెలువడిన స్కాట్లండ్ అధ్యయనంలో 72 గంటల లోపు ప్రెడ్నిసొలోన్ మొదలుపెట్టినవారిలో 94 శాతం తొమ్మిది నెలలకు పూర్తిగా కోలుకున్నారు. ఆ మందు అందనివారిలో ఇది 82 శాతం. దానంతటదే తగ్గుతుందిలే అనేవారి మాటలో నిజం ఉంది. ఆ రెండు అంకెల మధ్య మిగిలిపోయినవారి ముఖాల్లో మాత్రం ఆ నిజం లేదు.

ముఖం అందానికి సంబంధించినదే కదా, ప్రాణం మీదికి రాదు కదా అనేది చివరి అభ్యంతరం. నాకు ఒప్పుకోబుద్ధి కాని మాట ఇదే. కుష్ఠువ్యాధి తరచుగా జైగోమాటిక్ శాఖను పట్టుకుంటుంది, అప్పుడు కన్ను మూతపడదు. అదే రోగికి ట్రైజెమినల్ నాడి కూడా దెబ్బతింటే కార్నియాకు స్పర్శ పోతుంది. నలుసు పడినా తెలియక, పుండై, చూపే పోవచ్చు. పెదవులు బిగుసుకోకపోతే తాగిన నీళ్లు ఒక పక్కగా కారిపోతాయి, ప వర్గం పలకదు. బాబును బాబు అని, మామను మామ అని పిలవలేని మనిషి బాధను అందం పద్దులో రాయలేం. ఇంటి పెళ్లి ఫొటోకు నిలబడటానికి వెనకాడే మనిషి నలుగురిలో తన చోటు పోగొట్టుకుంటున్నాడు. అదీ వైద్యం పట్టించుకోవలసిన నష్టమే.

రేపటి నుంచి మీ సంతకానికి విలువ ఉంటుంది. కేసు షీటులో ‘ఫేషియల్ నర్వ్ నార్మల్’ అని రాసే ముందు కనుబొమలు ఎత్తించండి, కళ్లు గట్టిగా మూయించండి, బుగ్గలు పూరించమనండి, పళ్లు చూపించమనండి, మెడ బిగించమనండి. నిమిషం కూడా పట్టదు. పుస్తకానికీ రోగికీ పొంతన కుదరనప్పుడు రోగిని మళ్లీ పరీక్షించండి, ఆ తర్వాత పుస్తకం మళ్లీ తెరవండి. ఈ రెండు పనులూ ఓపికగా చేసేవారినే జనం నమ్ముతారు, నమ్మాలి కూడా.