ఎండిపోయిన పెన్ను

(రేడియో స్త్రీల కార్యక్రమంలో ప్రసంగ పాఠం)



మన ఇళ్ళలో ఏ సొరుగు లాగినా నాలుగైదు పెన్నులు దొర్లుతూ కనబడతాయి. వాటిలో రాసేవి ఒకటో రెండో. పాల లెక్క రాసుకుందామని ఒకటి తీస్తాం, గీత పడదు. రెండోది తీస్తాం, అదీ అంతే. మూడోది కాగితాన్ని చింపుతుంది గానీ రాయదు. విసుగొచ్చి మూడింటినీ మళ్ళీ అదే సొరుగులో పడేస్తాం. పారెయ్యం, అలాగని బాగుచెయ్యం. ఈ పెన్నుల సంగతే ఇవాళ నాలుగు మాటలు చెప్పుకుందాం.

పెన్ను రాయడం లేదంటే అది చెడిపోయిందని కాదు. చాలాసార్లు లోపల ఇంకు ఎండింది, అంతే. ఎండిన ఇంకును మళ్ళీ కరిగించవచ్చు. కానీ అది కరిగేదాకా ఆగలేక మనం చేసే పనులున్నాయే, వాటితో చెడిన పెన్నును బాగుచెయ్యడం కష్టం. ఐదు రూపాయల పెన్నయితే పోనిద్దురూ అనుకోవచ్చు. నాన్నగారు వాడిన పెన్నో, పదో తరగతి ప్యాసైనప్పుడు బాబాయి కొనిచ్చిన పెన్నో అయితే అలా అనుకోలేం కదా!

ముందు పాళీ ఉన్న ఇంకు పెన్ను సంగతి చూద్దాం. అది ఎలా రాస్తుందో తెలిస్తే వైద్యం సులువు. దీపపు కుందిలో వత్తి నూనె పీల్చుకోవడం మనం రోజూ చూసేదే. సన్నని సందు దొరికితే చాలు, నూనైనా నీళ్ళైనా తనంతట తానే పాకుతుంది. పెన్నులోనూ అదే జరుగుతుంది. పాళీ కింద నాలుకలాగా నల్లటి ముక్క ఒకటి ఉంటుంది చూడండి. దాని మీద సన్నని గాడి ఉంటుంది. ఆ గాడి వెంట ఇంకు దిగి, పాళీ మధ్య చీలికలోకి వచ్చి, కాగితం తగలగానే దాని మీదికి పాకుతుంది. దిగిన ఇంకు చోటులోకి గాలి వెళ్ళాలి. నూనె డబ్బాకి ఒకటే చిల్లు పెడితే నూనె సరిగా పడదు, రెండో చిల్లు పెడితే ధార కడుతుంది. ఇదీ అలాంటిదే.

పెన్నును నెలల తరబడి ముట్టుకోకపోతే ఇంకులోని నీరు ఆవిరైపోయి, రంగు మిగిలిపోతుంది. అడుగంటిన పాయసంలా ఆ గాడిలోనూ చీలికలోనూ గట్టిపడుతుంది. ఇక ఇంకూ దిగదు, గాలీ పోదు.

అప్పుడు మనవాళ్ళు ఏం చేస్తారు? మొదటి పని విదిలించడం. బడిలో ముందు బెంచీ పిల్లల చొక్కాల మీద నీలం చుక్కలు పడేది ఇందుకే. దానితో నాలుగు చుక్కలు పడతాయేమో గానీ గాడిలో పేరుకున్నది కదలదు. రెండోది, బ్లేడు తీసుకుని పాళీ చీలికలోకి దూర్చడం. ఇది నాకు బొత్తిగా గిట్టని పని. చీలిక ఒక్కసారి ఎడమైతే ఆ తరవాత ఆ పెన్ను ఇంకు కక్కుతూనే ఉంటుంది, లేదా అసలు దించదు. మూడోది గచ్చు మీద రుద్దడం. పాళీ కొసన కంటికి ఆనని చిన్న లోహపు గింజ ఒకటి అతికించి ఉంటుంది. అది గట్టిదే, ఏళ్ళ తరబడి కాగితం మీద నడిచినా తట్టుకుంటుంది. కానీ గచ్చు మీద అరగదీస్తే ఎంతకాలం ఉంటుంది? అదొక్కటీ పోయిందంటే ఆ పాళీ పని అయిపోయినట్టే.

నాలుగోది వేణ్ణీళ్ళు. ఇదీ మనం వంటింట్లో నేర్చుకున్నదే. జిడ్డుకీ మరకకీ వేణ్ణీళ్ళు పోస్తాం కాబట్టి పెన్నుకీ పోస్తాం. మా వీధిలో ఒకావిడ వాళ్ళ నాన్నగారి నల్లటి పెన్నును అలాగే మరిగే నీళ్ళల్లో వేసింది. ఆయన బడిపంతులుగా ఉన్నన్నాళ్ళూ జేబులో పెట్టుకు తిరిగిన పెన్ను అది. ఇంకు కరిగింది, పెన్ను రాసింది కూడాను. కానీ నిగనిగలాడే నల్లటి పెన్ను కాస్తా పాచి పట్టినట్టు ఆకుపచ్చా గోధుమా కలిసిన రంగుకి తిరిగింది. ఆ రంగు మరి పోలేదు.

ఎందుకలా అయిందో చెబుతాను. పాత నల్ల పెన్నులు చాలావరకు ఎబొనైటుతో చేసినవి. ఎబొనైటంటే రబ్బరులో గంధకం బాగా కలిపి, వేడితో గట్టిపరిచిన పదార్థం. ఎండకీ వేణ్ణీళ్ళకీ దాని రంగు తిరుగుతుంది. మన రాజమండ్రి ఈ ఎబొనైటు పెన్నులకు పెట్టింది పేరు. స్వదేశీ ఉద్యమం రోజుల్లో, 1932లో, అక్కడ కోసూరి వెంకటరత్నంగారు పెన్నుల తయారీ మొదలుపెట్టారు. ఆయన పంపిన పెన్నును గాంధీగారు వాడి చూసి, విదేశీ పెన్నులకు బదులుగా పనికొస్తుందని 1935లో ఉత్తరం రాశారు. మీ పెట్టెలో అలాంటి రాజమండ్రి పెన్ను ఉంటే ఉండవచ్చు. వెతికి చూడండి, కానీ వేణ్ణీళ్ళల్లో మాత్రం వెయ్యకండి. సెల్యులాయిడు పెన్నులైతే వేడికి వంగిపోతాయి కూడా.

మరేం చెయ్యాలి? చన్నీళ్ళూ, ఓపికా, ఈ రెండు చాలు. పెన్ను మర విప్పి పాత ఇంకు పారబోయండి. ఎబొనైటు కాకపోతే గోరువెచ్చని నీళ్ళయినా ఫరవాలేదు, చేతికి వేడిగా తగలకూడదు, అంతే. చిన్న గ్లాసులో పాళీ వరకూ మునిగేటట్టు నీళ్ళు పోసి, పాళీ ఉన్న భాగాన్ని రాత్రి అందులో నిలబెట్టండి. కాసేపటికి పాళీ కొస నుంచి నీలం తీగలు సాగడం చూస్తే పిల్లలకు భలే సరదా. పొద్దున్నే ఆ నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళు పోయండి. నీళ్ళకు రంగు దిగడం ఆగేవరకూ ఇలా మారుస్తూ ఉండాలి. ఒక్క రాత్రితో అయ్యేవీ ఉంటాయి, నాలుగు రోజులు పట్టేవీ ఉంటాయి. ఏళ్ళ తరబడి ఎండినది ఒక పూటలో కరగాలంటే ఎలా?

మన ఊళ్ళల్లో చాలా చోట్ల బోరు నీళ్ళే గతి. ఆ నీళ్ళల్లో ఉప్పు ఎక్కువ. గిన్నెల మీద తెల్లటి పొర కట్టినట్టే పెన్ను గాడిలోనూ కడుతుంది. కనక ఆఖరిసారి కడగడానికి ఇన్వర్టరు బ్యాటరీలో పోసే డిస్టిల్డు నీళ్ళు కాసిని వాడండి. అవి లేకపోతే ఫిల్టరు నీళ్ళు మేలు. ఎంతకీ రంగు వదలకపోతే గ్లాసుడు నీళ్ళల్లో గిన్నెలు తోమే లిక్విడు సబ్బు ఒక్క చుక్క, రెండో చుక్క వద్దు, వేసి గంటసేపు ఉంచి, తరవాత సబ్బు పూర్తిగా పోయేలా కడగండి. సబ్బు మిగిలితే అక్షరాలు కాగితం మీద అలుక్కుపోతాయి. స్పిరిటు జోలికి పోవద్దు, కొన్ని రకాల పెన్నులను అది కరిగించేస్తుంది.

తరవాత పాత నేత చీర ముక్కను మడతలు పెట్టి, పాళీ కిందికి ఉండేలా దాని మీద ఆనించి ఉంచండి. వత్తి నూనె పీల్చినట్టే ఆ గుడ్డ లోపలి తడిని లాగేస్తుంది. అది ఆరాకే కొత్త ఇంకు పొయ్యాలి. మామూలు నీలం ఇంకు చాలు. బొమ్మలు గీసే నల్లటి ఇండియన్ ఇంకు మాత్రం ఎన్నటికీ పొయ్యకండి. అందులో లక్క కలుస్తుంది, అది ఎండితే నీటికి కరగదు. మొదటి అరపేజీ అక్షరాలు పాలిపోయినట్టు పడతాయి, కంగారు పడకండి, లోపల మిగిలిన నీళ్ళే అవి.

పక్కన మీట ఉండి, లోపల రబ్బరు తిత్తితో ఇంకు పీల్చుకునే పాత పెన్నులున్నాయి. వాటి మీటను బలవంతాన ఎత్తకండి. తిత్తి ఎండి పెంకులా అయిపోయి ఉంటుంది, పుటుక్కున విరుగుతుంది. అది పెన్నులు బాగుచేసేవాళ్ళ చేతిలో పెట్టాల్సిన పని. హీరో పెన్నులాంటి వాటికి పాళీ కొస మాత్రమే పైకి కనబడుతుంది కదా, దాన్ని పీకే ప్రయత్నం చెయ్యొద్దు. నీళ్ళల్లో ముంచి, నొక్కే గొట్టాన్ని నొక్కుతూ వదులుతూ లోపలికీ బయటికీ నీళ్ళు ఆడించండి. మన పిచికారీ లాగే.

ఇక బాల్ పెన్నులు. ఈ నీళ్ళ వైద్యం వీటికి పనికిరాదు, ఎందుకంటే వీటి ఇంకు జిడ్డు ముద్ద, నీటిలో కరగదు. కొసన ఉన్న చిన్న గుండు దొర్లితేనే గీత పడుతుంది. గుండు బిగుసుకుంటే రీఫిల్లును రెండు అరచేతుల మధ్య కాసేపు రుద్దండి, ఆ వెచ్చదనానికి ముద్ద పలచబడుతుంది. ఆ తరవాత పిల్లల రబ్బరు మీద గానీ చెప్పు అడుగున గానీ నాలుగు సున్నాలు చుట్టితే గుండు తిరుగుతుంది. అగ్గిపుల్ల గీసి వేడి చేసేవాళ్ళున్నారు, దానికి ప్లాస్టిక్కు కరిగి చేతులు కాలతాయి. గోడకు వేలాడే క్యాలెండరు మీద రాస్తుంటే నాలుగు అక్షరాలకే ఆగిపోయిందా? పెన్ను తలకిందులైంది కాబట్టి ఇంకు గుండుకి అందలేదు, అంతే. క్యాలెండరు దింపి బల్ల మీద పెట్టి రాయండి.

మన వంటింటి పద్దు పుస్తకంలో ఇంకో తమాషా ఉంది. పెన్ను ఒక చోట చక్కగా రాసి, పక్కన రెండు అంగుళాల మేర అసలు రాయదు. మనం పెన్నును తిడతాం. తప్పు పెన్నుది కాదు, పోపు వేసిన చేత్తో పట్టుకున్న కాగితానిది. నూనె అంటిన చోట గుండు దొర్లకుండా జారుతుంది. పైగా ఆ జిడ్డు గుండుకి అంటుకుని తరవాతి గీతనూ ఆపుతుంది. కొసను పొడిగుడ్డతో తుడిచి, వేరే కాగితం మీద గీసి చూడండి. జెల్ పెన్ను కొస నేలకు తగిలేలా పడితే మాత్రం గుండును పట్టి ఉంచే కొస సొట్టపోతుంది. దానికి ఇంట్లో చేసే వైద్యం లేదు, పారెయ్యవచ్చు.

పిల్లలు మూత పెట్టకుండా వదిలేసిన స్కెచ్ పెన్నులున్నాయనుకోండి, అవి నీటి రంగులే. కొసను శుభ్రమైన నీటిలో రెండు మూడు క్షణాలు ముంచి, మూత పెట్టి, కొస కిందికి ఉండేలా ఒక రాత్రి ఉంచితే మళ్ళీ కొన్నాళ్ళు రంగు వేస్తాయి.

ఇంకు పెన్నును కొన్నాళ్ళు వాడబోవడం లేదని తెలిస్తే ఇంకు తీసేసి, కడిగి, ఆరబెట్టి దాచండి. రోజూ వాడేదైతే పాళీ పైకి ఉండేలా నిలబెట్టండి. పెళ్ళిళ్ళకీ పుట్టింటికీ వెళ్ళేటప్పుడు బీరువా పట్టుచీరల మధ్య ఇంకు నిండిన పెన్నును పెట్టి తాళం వేస్తే, అది ఎండితే ఒక బాధ, కక్కితే ఇంకో బాధ. చీర మీద ఇంకు మరక సంగతి మరో రోజు చెప్పుకుందాం.