‘నలుపే గాని’



పెండ్లిమాటలయందు మన యిండ్లలో తఱచు వినబడు వాక్యమిది: ‘పిల్ల నలుపే గాని కళగలది.’ ఇందలి దోషము ‘నలుపు’ అను పదమున లేదు, ‘గాని’ యనుదానియందున్నది. ఆ రెండక్షరములే నలుపును లోపముగా నిర్ణయించి, పిమ్మట దయతో మన్నించుచున్నవి.

సంస్కృతమున కృష్ణశబ్దమునకు నలుపే యర్థము. భారతకర్త కృష్ణద్వైపాయనుడు. ద్రౌపదికి మేనిచాయనుబట్టియే కృష్ణ యని పేరు. ఆ కన్యకై రాజులెందఱో స్వయంవరమునకు వచ్చిరి. ఒక్కడును ‘గాని’ యనలేదు. తెలుగున మాత్రము తెల్లమొగము వేయుట యేమంత గౌరవము?

పదములనే మార్చవలెనని కొందఱందురు. అమెరికాలో క్రేయోలావారు తెల్లవారి మేనిచాయగల రంగుకడ్డీకి ‘దేహవర్ణము’ అను నర్థమిచ్చు పేరుంచి, 1962లో దానిని మార్చిరి. అది తగినపనియే, ఒక జాతి చర్మమును సర్వమానవులకు కొలతగా నుంచుట యసత్యము గదా! మనదేశమున 1975లో వెలువడిన ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ లేపనము 2020లో ‘గ్లో అండ్ లవ్లీ’ యైనది. పేరు మాఱినది, కొనువారి కోరిక మాఱెనని నేను నమ్మజాలను. ఆ యేడే షాదీ డాట్ కామ్ వారు మేనిరంగునుబట్టి సంబంధములను వడపోయు వీలును తొలగించిరి.

మన సంఘపు వధూవరుల పట్టికలో ‘రంగు’ అను గడి యింకను గలదు. అందు ‘ఎఱుపు’ అని వ్రాయించి, పెండ్లిచూపులనాడు తలవంచుకొనిన తండ్రి నొకని నేనెఱుగుదును. పట్టభద్రురాలైన యా పిల్ల లోపలిగదినుండి సర్వమును వినుచుండెను. రాబోవు ముద్రణమున ఆ గడిని తీసివేయవలసినదిగా కార్యవర్గమువారిని ప్రార్థించుచున్నాను.