ఎండు రొట్టెలకు మన ఇంట చోటు



ఇటువంటి సభలలో చదువుల గురించి, వరకట్నం గురించి మాట్లాడటం ఆనవాయితీ. కార్యవర్గంవారు నాకిచ్చిన విషయం మాత్రం ఎండు రొట్టెలు. మీరు నవ్వుతున్నారు, నవ్వండి. కాని వలీమా విందు ముగిసిన రాత్రి ఫంక్షన్ హాలు వెనకవైపుకు ఒకసారి వెళ్లి చూడండి. నాన్లు, రుమాలీ రొట్టెలు గుట్టగా పడి ఉంటాయి. వాటిలో చాలావరకు చేయి తగలనివే. తక్కువ పడితే పరువు పోతుందని మనమే వంటవాడికి ఎక్కువ చెబుతాం. తీరా బిరియానీ వచ్చాక రొట్టె వైపు చూసేవాడుండడు.

క్రిందపడిన ముద్దను సయితం దుమ్ము తుడిచి తినమని నేర్పిన ప్రవక్త (స) ఉమ్మత్ మనది. ఇస్రాఫ్ గురించి మీకు నేను క్రొత్తగా చెప్పవలసింది లేదు. అయితే ఒక పేరు గుర్తుచేస్తాను. ప్రవక్త (స) ముత్తాత హాషిమ్. ఆయన అసలు పేరు అమ్ర్. మక్కాలో కరువు వచ్చినప్పుడు ఆయన రొట్టెలు తెప్పించి, విరిచి, మాంసపు షోర్వాలో నానబెట్టి ఆకలిగొన్నవారికి పెట్టాడని సీరా రచయితలు చెబుతారు. అరబ్బీలో ‘హషమ’ అంటే విరిచి ముక్కలు చేయటం. అలా ఆయనకు హాషిమ్ అన్న పేరు నిలిచింది. బనూ హాషిమ్ అనే అంతటి వంశానికి పేరు రొట్టె ముక్కల నుంచి వచ్చిందన్నమాట!

ఆ వంటనే సరీద్ అంటారు. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన మన పిల్లలు రంజాన్‌లో అక్కడ తినే ఉంటారు. చేయటం ఏమంత కష్టం కాదు. మాంసం ఎముకలతోసహా ఉడికించి, సొరకాయో ఆలుగడ్డో వేసి, షోర్వా కాస్త పలుచగా దించుకోవాలి. వెడల్పాటి తాంబాళంలో ఎండు రొట్టెలు తుంచి పరచి, దానిపై మరిగే షోర్వా పోసి అయిదు నిమిషాలు మూత పెట్టాలి. రొట్టెను పొయ్యిమీద ఉడికించకూడదు, జావ అయిపోతుంది. మాంసం లేనినాడు పప్పుచారుతోనైనా బాగుంటుంది.

“మిగిలినవి పేదలకు పంచుతున్నాం గదా” అంటారు కొందరు. ఎప్పుడు పంచుతున్నాం? మర్నాడు మధ్యాహ్నం, ప్లాస్టిక్ సంచిలో రాత్రంతా చెమర్చి, వాసన పట్టిన తరువాత. మనకిస్తే మనం తీసుకోని వస్తువును దానంగా ఇవ్వవద్దని అల్ బఖరా సూరాలో హెచ్చరిక ఉంది. నాకు అన్నిటికంటె బాధ కలిగించేది ఇదే. పారవేయటం ఒక తప్పయితే, పారవేయవలసినదాన్ని పేదవాడి చేతిలో పెట్టి సవాబు ఆశించటం అంతకంటె పెద్ద తప్పు.

కనుక చేయవలసిన పని ఆ రాత్రే చేయాలి. పళ్లేలలో ఎంగిలి అయినవి వేరు, బుట్టలో మిగిలినవి వేరు. బుట్టలోవి వేడిగా ఉండగా మూత పెట్టవద్దు. తినేవారుంటే ఆ పూటే పంపాలి. లేకపోతే చిన్న ముక్కలు చేసి శుభ్రమైన గుడ్డమీద పలుచగా ఆరబెట్టి, మర్నాడు ఎండలో పెట్టాలి. చేత్తో నలిపితే పొడి కావాలి, అంతవరకు డబ్బాలోకి ఎత్తవద్దు. మన రంజాన్ ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది గనుక ఎప్పుడూ ఎండాకాలమే దొరకదు. వానాకాలంలో సన్నని సెగమీద పెనంపై ఆరబెట్టుకోవాలి. ఫ్రిజ్‌లో పెడితే బూజు పట్టటం ఆలస్యమవుతుంది గాని రొట్టె ఇంకా త్వరగా గట్టిపడుతుంది. బూజు కనిపిస్తే మాత్రం ఆ ముక్క మొత్తం తీసివేయాలి. పైన గీకేస్తే సరిపోదు, దాని నూలు కంటికి కనబడకుండా లోపలికి పాకి ఉంటుంది.

ఇక ఇంటి మిగుళ్లు. డబల్ రొట్టె ఎండితేనే డబల్ కా మీఠాకు పనికివస్తుంది. తాజాదానితో చేస్తే నెయ్యి తాగేసి, పాలలో వేయగానే చెదిరిపోతుంది. ఖీమా కబాబులు విడిపోతుంటే అరకిలోకు మూడు నాలుగు చెంచాల రొట్టెపొడి కలపండి. రాత్రి చపాతీలు తుంచి, మజ్జిగ చిలకరించి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకుతో పోపు వేస్తే పిల్లలకు పొద్దుటి ఫలహారం. మలీద సంగతి చెప్పేదేముంది! ఆరు చపాతీలు నలిపి, తురిమిన బెల్లం, రెండు చెంచాల నెయ్యి, ఏలకుల పొడి వేసి పిసికితే సరి. తెలంగాణలో పీర్ల పండుగకూ మలీదే, బతుకమ్మకూ మలీదే. ఇరుగుపొరుగు ఇళ్లకు అడ్డులేకుండా తిరిగే తీపి అది.

పశువులకు వేద్దామనేవారికి ఒక మాట. కొద్దికొద్దిగా గడ్డితోపాటు వేయండి. ఒకేసారి బుట్టెడు రొట్టెలు తిన్న ఆవుకు కడుపులో పులిసి ప్రాణం మీదికి వస్తుంది. బూజు పట్టినవి వాటికీ వద్దు.

వచ్చే రంజాన్ ఇఫ్తార్‌లకు సొసైటీ తరఫున ఒక ఏర్పాటు కోరుతున్నాను. రొట్టెలన్నీ ఒకేసారి దస్తర్‌ఖాన్‌పై పరచకుండా, సగం లోపల ఉంచి అడిగినకొద్దీ తెద్దాం. మిగిలినవి ఆరబెట్టటానికి నలుగురు సోదరీమణులు, మోయటానికి ఇద్దరు కుర్రవాళ్లు కావాలి. వారానికొకసారి ఆ ముక్కలతో సరీద్ వండి, ముందు మనం తిని చూసి, వేడివేడిగా పంచుదాం. ఇష్టమున్నవారు షాబాన్ నెల ముగిసేలోగా కార్యదర్శిగారి వద్ద పేరు వ్రాయించుకోండి. ఇంట్లో పాత దుప్పట్లుంటే ఉతికి పంపండి. రేకు డబ్బాలు కూడా కావాలి, మూత బిగుతుగా పట్టేవే సుమండీ!