ఆటలో వాక్యము – అందరికి వాక్యము

(ఆదివారపు బడి ఉపాధ్యాయుల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతాబ్ది సందర్భమున మన గుడులను, బడులను, ఆసుపత్రులను గూర్చి పెద్దలు చాల సంగతులు చెప్పుచున్నారు. అవన్నియు చెప్పవలసినవే. నేను మాత్రము ఒక చిన్న సంగతిని మీ యెదుట ఉంచగోరుచున్నాను. అది పిల్లల కంఠత వాక్యము. దానిని ఆటలతో నేర్పుట ఎట్లు, అట్లు నేర్పునప్పుడు ఏ బిడ్డయు వెనుకబడకుండ చూచుట ఎట్లు అనునదే నా అంశము.

మన ఆదివారపు బడులలో సాధారణముగా జరుగునది మీకు తెలియును. నల్లబల్ల మీద వాక్యము వ్రాయుదుము. పిల్లలు మూడు నాలుగు సార్లు గట్టిగా చదువుదురు. మరుసటి ఆదివారము ఒక్కొక్కరు లేచి అప్పజెప్పవలెను. బాగుగా అప్పజెప్పినవారికి క్రిస్మసు పండుగకు బహుమానము. ఈ పద్ధతి వలన ఎందరో వాక్యము నేర్చుకొన్నారు. దానిని నేను తీసివేయుమని చెప్పను. కాని అది చదువు వచ్చిన బిడ్డకు, ప్రతి వారము రాగలిగిన బిడ్డకు అనుకూలమైన పద్ధతి. జనగామ వైపు పత్తి ఏరు కాలములోను, మహబూబాబాద్ వైపు మిరప కోత కాలములోను తల్లిదండ్రులతో చేనికి పోయిన పిల్లవాడు మూడు ఆదివారములు రాడు. నాలుగవ ఆదివారము వచ్చి వెనుక వరుసలో కూర్చుండును. లేచి అప్పజెప్పుమంటే తల వంచుకొనును. అయిదవ ఆదివారము రాడు. ఆ బిడ్డను మనము వెళ్లగొట్టలేదు. అయినను అతడు వెళ్లిపోయినాడు.

మన సంఘముల ఆరంభమును ఒకసారి జ్ఞాపకము చేసికొందము. వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు 1912 డిసెంబరు 29న కలకత్తాలో దోర్నకల్ అధ్యక్షులుగా అభిషేకము పొందారు. ఆంగ్లికన్ సంఘములో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. తిరునెల్వేలి సీమ నుండి వచ్చిన ఆయనకు తెలుగు పుట్టుకతో వచ్చిన భాష కాదు, నేర్చుకొన్న భాష. ఆయన యొద్దకు వచ్చిన సంఘస్థులలో ఎక్కువమంది మాల మాదిగ పల్లెలలోని కూలి జనము. వారిలో చాలమందికి అక్షరములు రావు. అయినను వారు ప్రభువు నేర్పిన ప్రార్థనను, విశ్వాస ప్రమాణమును, పది ఆజ్ఞలను నేర్చుకొన్నారు. చెవితో విని, నోటితో పలికి, పాటగా పాడి నేర్చుకొన్నారు.

అజరయ్యగారిని గూర్చి తరచుగా చెప్పబడు సంగతి ఒకటి గలదు. ఆయన సంఘములను దర్శించునప్పుడు బాప్తిస్మము పొందినవారిని తమ చేతిని తమ తల మీద ఉంచుకొనుమని చెప్పి, సువార్త ప్రకటింపకుంటే తనకు శ్రమ అని పౌలు 1 కొరింథీయులకు 9:16లో చెప్పిన మాటను తన వెంట పలికించేవారు. గమనించండి. ఆ చెయ్యి ఊరికే లేవలేదు. నీళ్లు పడిన తల మీదనే ఆ చెయ్యి ఉన్నది. చదువురాని కూలివానికి ఆ వాక్యము ఎవరిని గూర్చినదో విడమరచి చెప్పనక్కరలేదు. తన చెయ్యే అతనికి చెప్పినది. కనుక శరీరముతో వాక్యము నేర్పుట ఈనాడు పట్టణము నుండి వచ్చిన కొత్త వేడుక కాదు. అది దోర్నకల్ మట్టిలోనే ఉన్నది.

అంతకుముందు అది పరిశుద్ధ గ్రంథములోనే ఉన్నది. ద్వితీయోపదేశకాండము 6:7లో దేవుని మాటలను పిల్లలకు నేర్పవలసిన సమయములను చూడండి. ఇంట కూర్చున్నప్పుడు, త్రోవను నడచునప్పుడు, పండుకొనునప్పుడు, లేచునప్పుడు. నాలుగును శరీరము చేయు పనులే. యెహోషువ 4వ అధ్యాయములో యొర్దాను నుండి పన్నెండు రాళ్లు మోసికొని వచ్చి నిలిపినది ఎందుకు? పిల్లలు చూచి ఇవేమిటని అడుగుటకు. మోసిన రాయి వలన ప్రశ్న పుట్టినది, ప్రశ్న వలన పాఠము పుట్టినది.

కొందరు పెద్దలు, గుడి ఆవరణములో గంతులేమిటి, భక్తి పోవును గదా అని అడుగుదురు. వారి భయమును తేలికగా తీసివేయకూడదు. అయితే జెకర్యా 8:5 చదవండి. దేవుడు యెరూషలేమును బాగుచేసిన దినమున ఆ పట్టణము ఎట్లుండునో ప్రవక్త చెప్పుచున్నాడు. వీధులలో మగపిల్లలు, ఆడపిల్లలు ఆడుకొనుచుండుట దేవుని దీవెనకు గురుతు. పిల్లల ఆట లేని గుడి ఆవరణము భక్తిగలదని కాదు, పిల్లలు లేనిదని అర్థము కావచ్చును.

ఇక ఆట వలన వాక్యము నిజముగా నిలుచునా? 1980 ప్రాంతము నుండి మనస్తత్వ శాస్త్రజ్ఞులు అనేక పర్యాయములు పరీక్షించిన సంగతి ఒకటున్నది. ఒక పనిని తెలుపు మాటను ఊరక విన్నవానికంటె, ఆ పనిని చేతులతో చేసి చూపినవానికి ఆ మాట బాగుగా జ్ఞాపకముండును. అయితే ఇక్కడ మనము జాగ్రత్తపడవలెను. ఆ చేత మాట యొక్క అర్థముతో కలిసియుండవలెను. వాక్యము ఒకటి, గంతు మరొకటి అయితే పిల్లవానికి గంతే మిగులును. అమెరికాలో జేమ్స్ ఆషర్ అను పండితుడు 1960వ దశకములో కొత్త భాషను చెప్పి చేయించి నేర్పు పద్ధతిని ప్రచారములోకి తెచ్చాడు. ఇది మనకు మిక్కిలి అక్కరకు వచ్చును. మహబూబాబాద్ జిల్లా తండాల పిల్లల ఇంటి భాష లంబాడీ. భూపాలపల్లి అడవి గ్రామములలో కోయ భాష మాట్లాడు ఇండ్లున్నవి. మన బైబిలు తెలుగు ఈ పిల్లలకు రెండింతలు కష్టము. బడి తెలుగే వారికి రెండవ భాష, అందులోను ఇది పాత తెలుగు. "సహించుడి", "భరించుడి" అని చెప్పినప్పుడు తెలియనిది, ఇద్దరు కలిసి ఒక బరువు ఎత్తినప్పుడు తెలియును.

ఇప్పుడు నేను ముఖ్యముగా చెప్పదలచిన మాటకు వచ్చుచున్నాను. ఆటలన్నియు వాక్యము నేర్పుటకు తగినవి కావు. సెలవుల బైబిలు బడులలో మనము కుర్చీలాట ఆడించుదుము. వాక్యము చెప్పలేనివాడు "అవుట్". అతడు గోడ ప్రక్కన కూర్చుండును. చివరికి ఇద్దరు మిగులుదురు. ఆ ఇద్దరు ఎవరు? వాక్యము ముందే వచ్చినవారు. వారు ఆ వాక్యమును పదిసార్లు చెప్పిరి. రాని బిడ్డ ఒక్కసారి చెప్పి బయటకు పోయెను. ఎవరికి ఎక్కువ అభ్యాసము కావలెనో వానికే తక్కువ దొరికినది. అంతకంటె విచారకరమైన సంగతి, దేవుని వాక్యము తనను బయటకు పంపునదని ఆ బిడ్డ మనస్సులో పడును. కనుక నియమము ఒక్కటే: మన వాక్యపు ఆటలో ఎవరును బయటకు పోకూడదు. తప్పిన బిడ్డ ఆటలోనే ఉండవలెను, తప్పిన చోటనే నేర్చుకొనవలెను.

ఈ నియమము ప్రకారము మన ఊరి ఆటలనే కొద్దిగా మార్చి ఆడించవచ్చును. డబ్బు ఖర్చు లేదు. నాలుగు మాదిరులు చెప్పెదను.

మొదటిది, తొక్కుడుబిళ్ళ. కీర్తన 119:105 వాక్యమును పాదములకు దీపముగా, త్రోవకు వెలుగుగా చెప్పుచున్నది. ముగ్గుపిండితో గడులు గీసి, వాక్యమును చిన్న ముక్కలుగా చేసి గడికొక ముక్క పెట్టండి. చదువురాని బిడ్డకు గడిలో బొమ్మ గీయండి: పాదము, దీపము, బాట. కుంటుచు ఒక్కొక్క గడిలో ఆగి ఆ ముక్క పలుకవలెను. మరచితే చుట్టునున్నవారందరు కలిసి పలికెదరు, ఆ బిడ్డ మరల పలికి ముందుకు పోవును. పాదమును గూర్చిన వాక్యమును పాదమే నేర్చుకొనును.

రెండవది, యెరికో నడక. యెహోషువ 1:9 ధైర్యమును గూర్చిన వాక్యము. నడుమ కొన్ని ఇటుకలు పేర్చి పిల్లలను ఆరు చుట్లు మౌనముగా నడిపించండి. ప్రతి చుట్టులో పెదవి కదపకుండ వాక్యమును మనస్సులో చెప్పుకొనవలెను. ఏడవ చుట్టులో అందరు ఒక్కసారి బిగ్గరగా పలుకవలెను. భూపాలపల్లి సింగరేణి కాలనీలలో రాత్రి డ్యూటీ చేసి వచ్చిన తండ్రులు పగలు నిద్రించుచుందురు. అట్టి చోట ఈ ఆట మంచిది, ఒక్క కేకతో ముగియును. అందరు కలిసి పలుకుదురు గనుక సగము వచ్చిన బిడ్డ కూడ సిగ్గుపడక గొంతు కలుపును.

మూడవది, ముట్టుకొను ఆట. గలతీయులకు 6:2 ఒకరి భారము ఒకరు మోయుటను గూర్చినది. దొంగ ముట్టిన బిడ్డ భారము మోయువానివలె వంగి అక్కడనే నిలువవలెను. మరొక బిడ్డ వచ్చి, భుజము క్రింద చెయ్యి వేసి లేపి, ఇద్దరు కలిసి వాక్యము చెప్పితే విడుదల. ఇందులో వాక్యము బాగుగా వచ్చిన బిడ్డకు బహుమానము ఏమనగా, ఎక్కువమందిని విడిపించుట. తెలివిగల బిడ్డ తన తెలివిని ప్రక్కవానికొరకు వాడుట ఇక్కడ నేర్చుకొనును. బహుమతి పుస్తకము ఈ పాఠము నేర్పలేదు.

నాలుగవది, దాగుడుమూతలు. లూకా 15వ అధ్యాయములోని తప్పిపోయిన గొఱ్ఱె. మామూలు ఆటలో అందరు దాగుదురు, ఒకడు వెదకును, దొరికినవాడు ఓడినవాడు. దీనిని తిరుగవేయండి. ఒక్క బిడ్డ దాగవలెను, మిగిలినవారందరు వెదకవలెను. దొరికినప్పుడు చప్పట్లు కొట్టుచు, చేతులు పట్టుకొని నడుమకు తీసికొని వచ్చి, 15:6 వాక్యమును అందరు కలిసి చెప్పవలెను. దొరుకుట ఓటమి కాదు, సంతోషమని పిల్లలకు వేరుగా వివరింపనక్కరలేదు. అనేక వారములుగా రాని బిడ్డ వచ్చిన ఆదివారమున ఈ ఆట ఆడించి, మొదట దాగు అవకాశము ఆ బిడ్డకే ఇవ్వండి.

ఇక కొన్ని ఆచరణ సంగతులు. వాక్యము చిన్నదై యుండవలెను, నాలుగు నుండి ఆరు ముక్కలు చాలును. ఆట పది నిమిషములకు మించవద్దు. ఆ తరువాత పిల్లలను కూర్చుండబెట్టి, ఈ మాట మన ఇంటిలో ఏమి చేయుమనుచున్నదని అడుగవలెను. ఈ ప్రశ్న అడుగకపోతే అది ఆటతోనే ఆగిపోవును. ఏప్రిల్, మే నెలలలో మన జిల్లాలలో ఎండ 40 డిగ్రీలు దాటును. ఉదయము ఎనిమిది గంటలలోపు గాని చెట్టు నీడన గాని ఆడించి, మంచినీళ్లు దగ్గర ఉంచుకొనండి. కాలు సరిగాలేని బిడ్డ ఉంటే అందరును కూర్చుండి చేతులతో ఆడు ఆటనే ఎన్నుకొనండి. ఆ బిడ్డను లెక్కలు వ్రాయుటకు ప్రక్కన కూర్చుండబెట్టవద్దు. ఆడపిల్లలు పెద్దవారగుచుంటే ముట్టుకొను ఆటను వారికి వేరుగా పెట్టండి. కోలాటపు అడుగు, చప్పట్ల వరుస వారికి బాగుగా తెలిసినవి. వాటిలో కూడ వాక్యమును పలికించవచ్చును.

మరువకుడి, ఒకసారి నేర్చినది నిలువదు. 1885లోనే జర్మనీ దేశస్థుడైన ఎబింగ్‌హౌస్ మరపును కొలిచి చూపాడు. నేర్చిన కొద్ది దినములలోనే చాల భాగము జారిపోవును, నడుమ నడుమ తిరిగి చెప్పుకొన్నది నిలుచును. కనుక ఈ వారపు వాక్యమును వచ్చే వారము, మరల నెల తరువాత అదే ఆటతో చెప్పించండి. నెలకు నాలుగు కొత్త వాక్యములకంటె రెండు వాక్యములు చాలును. చేనికి పోయి వచ్చిన బిడ్డకు కూడ అప్పుడు ఒక వాక్యమైనను దక్కును.

ప్రియులారా, అక్షరములు రాని మన ముత్తాతలను ఈ సంఘము వెనుక వరుసలో కూర్చుండబెట్టలేదు. వారి చేతిని వారి తలపై ఉంచి, వాక్యము నీదే అని చెప్పినది. వారి మునిమనుమలలో ఎవడైనను వాక్యము రానందున గోడ ప్రక్కన కూర్చుంటే, మనము ఆచరించు శతాబ్ది ఎవరిది? రాబోవు ఆదివారము మీ హాజరు పుస్తకము తెరచి, రాని బిడ్డల పేర్లు చూడండి. ఒక్క బిడ్డ ఇంటికి పోయి పిలువండి. వచ్చినప్పుడు అప్పజెప్పుమని అడుగక, ఆడుటకు రమ్మని పిలువండి. వాక్యమును ఆ బిడ్డ కాళ్లలోను, చేతులలోను, హృదయములోను ఉంచుటకు ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.