ఇసుకలోని లోహము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



మన ఇండ్ల గోడలకు అతికించు తెల్లని టైల్సుకును, అణువిద్యుత్కేంద్రములకును సంబంధమేమని మీరడుగవచ్చును. సముద్రపుటొడ్డున దొరకు జిర్కాను అను బరువైన ఇసుక ఆ రెండింటికిని అవసరము.

శ్రీకాకుళము, భీమునిపట్నము తీరములందును, ఒడిశా, తమిళనాడు, కేరళ తీరములందును ఇది ఇల్మనైటు, రూటైలు, మోనజైటులతో కలసియున్నది. చేటతో చెరిగి పొల్లును గింజను వేరుచేయునట్లు, ముందుగా నీటిధారతో తేలిక ఇసుకను తొలగింతురు. పిదప అయస్కాంతముతోను, విద్యుత్తుతోను తక్కిన ఖనిజములను ఒక్కొక్కటిగా విడదీసి జిర్కానును గ్రహింతురు.

ప్రపంచమున ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాలు దీనిని విశేషముగా త్రవ్వితీయుచున్నవి. చైనా విశేషముగా కొనుచున్నది. సుమారు సగము పింగాణి పరిశ్రమకే పోవును. టైల్సు పూతకు తెలుపునిచ్చునది ఇదియే. లోహపు పోత అచ్చులకును, వేడిని తట్టుకొను ఇటుకలకును మరికొంత పోవును. లోహముగా మారునది స్వల్పభాగము మాత్రమే.

ఆ స్వల్పభాగపు పని మన పొరుగుననే జరుగుచున్నది. హైదరాబాదులో 1971లో నెలకొల్పబడిన అణు ఇంధన సముదాయము జిర్కోనియమును గొట్టములుగా మలచి, వానిలో యురేనియపు బిళ్లలను నింపి విద్యుత్కేంద్రములకు పంపుచున్నది. జిర్కోనియము న్యూట్రానులను అంతగా అడ్డగింపదు. కాని దానితో నూటికి రెండుపాళ్లు కలసియుండు హాఫ్నియము వానిని మ్రింగివేయును. కవలలవంటి ఈ రెండింటిని వేరుచేయుట మిక్కిలి కష్టము. 1789లో క్లాప్రోతు జిర్కోనియమును గుర్తించిన 134 ఏండ్లకుగాని, అనగా 1923లోగాని, హాఫ్నియము బయటపడలేదు.

ఇచట మనము విచారింపవలసినది ఒకటి కలదు. ఇసుకను ఇసుకగానే అమ్మినచో దక్కునది స్వల్పము. గొట్టముగా మలచినచో దానికి విద్య వెలకట్టును. 2018లో కేంద్రప్రభుత్వము తీరపు ఖనిజముల ఎగుమతి ప్రభుత్వరంగ సంస్థ ద్వారానే జరుగవలెనని నిర్ణయించెను. అయినను తీరవాసుల చింత తీరలేదు. ఇసుకదిబ్బ తుపానునకు అడ్డు. చెరువుకట్ట నీడన బ్రతుకు మనకు దాని విలువ ఒకరు చెప్పనక్కరలేదు. త్రవ్వినచోట దిబ్బను తిరిగి నిలిపి చెట్లు నాటుట, భూమినిచ్చిన పల్లెలకు పాలుపంచుట ధర్మము. ఆ ఖర్చును కలుపుకొనియే ఈ ఖనిజపు ధరను లెక్కింపవలెను.

మన పొరుగు కర్మాగారపు విద్య మన పిల్లలకు ప్రహరీగోడ వెలుపలినుండి చూచు వింతగా మిగులరాదు. కావున ఈ గ్రంథాలయమున రసాయనశాస్త్రమును తెలుగులో బోధించు గ్రంథములు మరికొన్ని చేర్చవలసినదిగా కార్యవర్గమును కోరుచు సెలవు తీసికొనుచున్నాను.