సముద్రపు కోత – గట్టుగోడల నిర్మాణము, సంరక్షణము
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యను గూర్చియు, ఉద్యోగములను గూర్చియు ఈ సభలో ప్రసంగింప సమర్థులు పలువురు గలరు. నాకు నియమింపబడిన విషయము ఇసుక, రాయి, నీరు అను మూడింటికి సంబంధించినది. వినుటకు నీరసముగా తోచినను, తీరమున మన యిండ్లు నిలుచుటయు కూలుటయు దీనిపైననే ఆధారపడియున్నవి. కావున ఓపికతో ఆలకింప వేడుచున్నాను.

ఉప్పెన ఒకనాటి విపత్తు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన యుప్పెనను మఱచినవారు లేరు. సముద్రపు కోత అట్టిది కాదు. ఒకయేడు కొబ్బరిచెట్టు, మఱుసటియేడు బావి, ఆపై వీథి, తుదకు గుడి. ఉప్పెన తీసిన పిమ్మట నేల మిగులును. కోత పిమ్మట నేల మిగులదు. కేంద్రప్రభుత్వపు తీరపరిశోధకులు 1990 మొదలు 2016 వఱకుగల మార్పులను ఉపగ్రహచిత్రములతో కొలిచి, భారతదేశతీరమున నూటికి 33 పాళ్లు కోతకు లోనైనదనియు, 29 పాళ్లు మేటవేసినదనియు తేల్చిరి.

కోతకు కారణమేమి? తీరపు టిసుక ఒకచోట నిలుచునది కాదు. మన తూర్పుతీరమున నైరృతిగాలుల కాలములో కెరటములు ఇసుకను ఉత్తరమునకు నడపును. ఈశాన్యగాలుల కాలములో కొంత దక్షిణమునకు మరలును. లెక్కచూడగా ఏటికి ఉత్తరముగా పోవునదే యెక్కువ. ఈ నడకకు అడ్డుకట్ట పడెనా, దక్షిణమున ఇసుక పేరుకొనును, ఉత్తరమున తీరము తఱుగును. చెన్నపట్టణమున 1876లో రేవుగోడల నిర్మాణ మారంభమైన పిమ్మట దక్షిణమున మెరీనా తీరము విశాలమయ్యెను. ఉత్తరమున రాయపురము కోతకు గురియయ్యెను. ఒకే గోడ ఒకరికి విహారస్థలమును, మఱియొకరికి గృహనష్టమును కలిగించినది.

రెండవ కారణము నదులలో నున్నది. నదిపై కట్టిన జలాశయములు పంటకు ప్రాణము పోసినవి, నిజమే. కాని డెల్టాకు రావలసిన యొండ్రుమట్టి యానకట్టలవెనుక చిక్కుకొనుచున్నది. గోదావరి తెచ్చిన ఇసుకలో కొంత కాకినాడ యెదుట హోప్ ఐలాండు దీవిగా పెరిగినది. ఆ దీవి రేవునకు ప్రాకారమువలె నిలిచి యున్నది. దాని చాటు దాటి ఉత్తరముననున్న ఉప్పాడ మాత్రము కెరటములకు బట్టబయలై యున్నది. అచ్చట రాళ్లు పోసిరి. ఇసుక నింపిన జియోట్యూబులను పఱచిరి. అవి కొన్నియేండ్లు కాచి, పిమ్మట చినిగి కుంగినవి. కాకినాడనుండి ఉప్పాడ పోవు తీరపురోడ్డు తుపానులలో పలుమాఱులు కోతపడినది.

ఇక గోడను గూర్చి మనవి చేసెదను. ఒడ్డున నిలువుగా కట్టి వెనుకనున్న నేలను పట్టియుంచు గోడను ఇంజనీర్లు బల్క్‌హెడ్ అందురు. మనము గట్టుగోడ యందము. ఇది ఇనుపపలకలతో గాని, కాంక్రీటుతో గాని, కొయ్యతో గాని కట్టబడును. పైకి కనబడు భాగముకంటె ఇసుకలోనికి దిగిన భాగమే దీనికి బలము. గోడ ముందుకు ఒరగకుండ, వెనుక దూరముగా నేలలో ఒక లంగరుదిమ్మను పాతి, ఇనుపకడ్డీతో గోడకు బిగింతురు. పడవకు లంగరు ఎట్టిదో గోడకు ఈ దిమ్మ యట్టిది. కడ్డీ తుప్పుపట్టి తెగెనేని, ఎంత దళమైన గోడయు కడలివైపు తలవంచును.

గోడ కూలుటకు ముఖ్యకారణములు నాలుగు. మొదటిది, పాదపుకోత. నిలువుగోడకు తగిలిన కెరటము వెనుదిరుగుచు పాదమువద్ద ఇసుకను త్రవ్వుకొనిపోవును. దీనికి మందు, పాదమున పెద్దరాళ్లను వాలుగా పేర్చుట. రాళ్లు ఇసుకలో కుంగకుండ వానిక్రింద వడపోతబట్టను పఱచుట.

రెండవది, వెనుకనీరు. వానకును పోటునకును గోడవెనుక చేరిన నీరు, పాటు తీసిన పిమ్మట పోవు దారిలేక గోడను త్రోయును. కావుననే గోడకు రంధ్రములుంచి, వాని వెనుక కంకరను వడపోతబట్టను అమర్తురు. ఈ రంధ్రములను చెత్తతో మూయుటయో, సిమెంటుతో పూడ్చుటయో చేసినచో మన గోడను మనమే త్రోసినట్లగును.

మూడవది, పగుళ్లలోనుండి ఇసుక జాఱుట. గోడ నిలిచియున్నట్లే కనబడును. వెనుకనేల లోలోపల డొల్లయగును. అట్టి గుంటపై మట్టి పోసినంత మాత్రమున మరమ్మతు కాదు. వెనుక త్రవ్వి, పగులు మూసి, బట్ట వేసి, అప్పుడు పూడ్పవలెను.

నాలుగవది, కొసలను చుట్టివచ్చుట. గోడ ముగిసినచోట సముద్రము ప్రక్కనుండి వెనుకకు చొచ్చును. అందుచే రెండుకొసలను నేలలోనికి మఱలించి కట్టవలెను.

కాంక్రీటును గూర్చి ఒక్కమాట. లోపలి ఇనుముపై కాంక్రీటుపొర ఉప్పుతుంపరలు తగులు చోట 50 మిల్లీమీటర్లును, పోటుపాటులు తాకు చోట 75 మిల్లీమీటర్లును ఉండవలెనని 2000 సంవత్సరపు భారతీయప్రమాణము విధించుచున్నది. ఉప్పునీటితో కలిపి, కడుగని సముద్రపుటిసుకతో పోసిన గోడలో ఇనుము త్వరలోనే తుప్పుపట్టి ఉబ్బి, కాంక్రీటును పగులగొట్టును. పని జరుగునప్పుడు గ్రామస్థులు నిలిచి చూడదగినది ఇదియే.

ఇంత చెప్పి, గోడయే సర్వరోగనివారిణి యని నేననుట లేదు. గోడ వెనుకనున్న నేలను కాచును గాని ముందున్న ఇసుకతీరమును కాపాడదు; పెక్కుచోట్ల దానిని తఱిగించును. ఆ తీరము మనకు విహారస్థలము కాదు. పడవలు నిలుపు చోటు అదియే, వలలు ఆరవేయు చోటు అదియే, మన యాడువారు ఎండుచేపలు పఱచు చోటు అదియే. ఇల్లు మిగిలి పని పోయినచో ఆ రక్షణ సగమే. కాన గోడ ప్రణాళికలోనే పడవలు ఎక్కించు వాలుదారులను కోరవలెను. కట్టిన పిమ్మట వానికై గోడను పగులగొట్టుట రెండువిధముల నష్టము.

ఇంతకంటె గంభీరమైన విషయ మొకటి గలదు. ఒక గ్రామమున గోడ ముగిసినచోటనుండి కోత పొరుగుగ్రామమునకు జరుగును. ఆ పొరుగున నున్నది ఎవరు? మన వియ్యములవారు, మన మేనల్లుండ్రు. ఏ గ్రామమునకాగ్రామము వేఱువేఱుగా అర్జీ పెట్టుకొని గోడ సంపాదించుట, అన్న యింటి నీటిని తమ్ముని యింటిలోనికి త్రోలుటవంటిది. తీరమంతటికి కలిపి ఒక్క ప్రణాళిక కావలెను. గ్రామముల హద్దులు దాటి మాటాడగల సంస్థ కులసంఘమే గనుక ఈ భారము మనదే.

ఇసుకను తిరిగి తెచ్చు మార్గములును గలవు. విశాఖపట్టణమున రేవులో త్రవ్విన ఇసుకను నగరతీరమునకు పోయుచు వచ్చిరి. పుదుచ్చేరిలో రేవుగోడలు కట్టిన పిమ్మట పోయిన తీరము, 2018లో సముద్రగర్భమున కృత్రిమపు దిబ్బను నిలిపి ఇసుకను పోసిన మీదట కొంత మరలివచ్చినది. జనులు లేని చోట తీరమును తీరముగా విడుచుట మేలు. గ్రామము అంచున నిలిచిన చోట గోడ తప్పదు. ఈ రెంటినడుమ ఇసుక పోయుట యోచింపదగినది. ఏది చేసినను తీరనియంత్రణ నిబంధనలననుసరించి అనుమతి పొందియే చేయవలెను.

ధనము మాటకు వత్తును. పదునైదవ ఆర్థికసంఘము 2021 మొదలు 2026 వఱకు నదుల, తీరముల కోతను అరికట్టుటకు 1,500 కోట్లును, కోతచే నిర్వాసితులైనవారి పునరావాసమునకు 1,000 కోట్లును దేశమంతటికి సిఫారసు చేసినది. ఇట్టి నిధులు అడిగినవారికి, అందును కొలతలతో అడిగినవారికి అందును. కావున ప్రతిగ్రామమున గుడిగోడపైనో, బడిగోడపైనో ఒక గుర్తు పెట్టి, అచ్చటినుండి నీటియంచువఱకు ఏటికి రెండుమాఱులు, అనగా జూనునకు ముందును అక్టోబరునకు ముందును, పోటు వేళను గమనించి కొలిచి పుస్తకమున వ్రాయుడు. తుపాను వెడలిన మఱునాడు మఱల కొలువుడు. చదువుకొన్న మన యువకులకు ఇది గంటపని; అధికారులయెదుట అది పదియేండ్ల సాక్ష్యము.

పోషకమహాశయులకు నాదొక విన్నపము. క్రొత్తగోడకు శిలాఫలకము వేయించు దాతలు దొరకుదురు; పాతగోడ రంధ్రమును శుభ్రము చేయించు దాత దొరకుట దుర్లభము. పాదమున జాఱిన రాయిని ఆ యేడే ఎత్తి పెట్టినచో అల్పవ్యయముతో పోవును. ఉపేక్షించినచో గోడయంతయు మఱల కట్టవలసి వచ్చును. వల చినిగిన నాడే కన్ను కూర్చుట మన కులవిద్య. ఆ విద్యనే గోడకును వర్తింపజేసి, ప్రతితీరగ్రామమునకు ఒక చిన్న మరమ్మతునిధిని ఈ మహాసభ నెలకొల్పవలెనని ప్రతిపాదించుచున్నాను.