గేటు లేని ఆఫీసు

(విశాఖపట్నంలో మహిళా ఉద్యోగులు, కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం 'సాంకేతిక పరిజ్ఞానం - స్త్రీలు'. ఇంత పెద్ద పేరు చూసి మొదట కొంచెం బెదిరాను. గూగుల్ వాళ్ళు మన నగరంలో పెడతామని 2025 అక్టోబరులో ప్రకటించిన డేటా సెంటర్ గురించి మాట్లాడాలేమో అనుకున్నాను. దాని గురించి తెలిసినవాళ్ళు వేరే వున్నారు. నేను మాట్లాడబోయేది మీ అందరి చేతిసంచుల్లోనూ వున్న వస్తువు గురించి. నేను ముగించేలోగా అది కనీసం నాలుగు సంచుల్లో మోగుతుంది. మోగనివ్వండి, నాకు ఉదాహరణలు వెతుక్కునే పని తప్పుతుంది.

నేను ఉక్కునగరం క్వార్టర్లలో పెరిగాను. మా నాన్నది షిఫ్టు ఉద్యోగం. ఎ షిఫ్టు ఉదయం ఆరుకి, బి షిఫ్టు మధ్యాహ్నం రెండుకి, సి షిఫ్టు రాత్రి పదికి. మా ఇంట్లో వంటా నిద్రా చుట్టాల రాకపోకలూ అన్నీ ఈ మూడు అక్షరాల మీదే నడిచేవి. అయితే షిఫ్టు దిగి గేటు దాటాడంటే ఆయన ఇంటి మనిషి. మళ్ళీ పనికి పిలవాలంటే ఎవరో ఒకరు ఇంటికి రావాలి, ఓటీ రాయాలి. 'షిఫ్టు అయిపోయింది' అన్నాక ఎదురు మాట వుండేది కాదు. అది మా నాన్న ధైర్యం కాదు. ఎనిమిది గంటల పని కోసం తరతరాల కార్మికులు కొట్లాడి సంపాదించిన మాట. అదే ఇంట్లో మా అమ్మకి మూడు షిఫ్టులూ వుండేవి. సి షిఫ్టు చేసొచ్చి నాన్న పగలు పడుకుంటే మా నోళ్ళు మూయించడం కూడా ఆవిడ డ్యూటీయే. పని అయిపోయిందని ఆవిడ అన్నా వినేవాళ్ళెవరు?

గేటున్న పనికీ గేటు లేని పనికీ తేడా సోషియాలజీ పుస్తకాల కంటే ముందు నాకు అక్కడే తెలిసింది. సెల్‌ఫోన్ వచ్చాక ఇంటి చాకిరీకున్న ఆ లక్షణం ఆఫీసు పనికి కూడా అంటుకుంది. అందులోనూ అందరికంటే ముందు, అందరికంటే ఎక్కువగా, తక్కువ జీతాల ఆడవాళ్ళ పనికి అంటుకుంది. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఇంటర్ అయ్యాక సెలవుల్లో గాజువాకలో టైపు నేర్చుకున్నాను. ఎ ఎస్ డి ఎఫ్ కొట్టి కొట్టి చిటికెనవేళ్ళు వాచిపోయేవి. లోయర్ పాసైతే ఉద్యోగం, హయ్యర్ పాసైతే మంచి సంబంధం అని మా బ్యాచ్‌లో నమ్మకం. టైపు మిషను చాలామంది ఆడపిల్లల్ని ఆఫీసు గుమ్మం ఎక్కించిన మాట నిజం. లోపలికి వెళ్ళాక మగాయన చెప్పాలి, ఆడమనిషి కొట్టాలి అన్న శ్రమ విభజనని గట్టిపరిచిందన్న మాటా నిజమే. అయితే ఆ మిషనుకి ఒక సుగుణం వుండేది. సాయంత్రం దానికి ముసుగు వేసేసేవాళ్ళు. ఎవరూ దాన్ని ఇంటికి మోసుకుపోలేరు. ఆ ముసుగు విలువ నాకు ఇప్పుడు తెలుస్తోంది.

ఇప్పుడు మన ఆఫీసుకి ముసుగు లేదు. వాట్సాప్ గ్రూపు వుంది. నేను గతంలో పనిచేసిన ఒక సంస్థలో రాత్రి పదకొండు గంటలకి గ్రూపులో మెసేజ్ వచ్చింది, 'రేపు ఉదయానికి రిపోర్టు కావాలి' అని. క్షణంలో అందరూ 'ఓకే సార్' అని ఒక నమస్కారం బొమ్మ పెట్టేశారు. ఆ సమయంలో నేను ఆసుపత్రిలో మా అమ్మ మంచం పక్కన వున్నాను. నేనూ పెట్టాను. నా డాక్టరేటు స్త్రీల వేతనం లేని శ్రమ మీద. థీసిస్ రాసినావిడ కూడా పది సెకండ్లలో దణ్ణం పెట్టింది. ఎందుకంటే ఎవరు చూశారో, ఎవరు చూసి కూడా జవాబివ్వలేదో ఆ నీలం టిక్కులు చెప్పేస్తాయి. మా నాన్న ఫోర్‌మన్‌కి అంత చూపు లేదు.

ఇది చదువుకున్న, కుర్చీ వున్న ఆడవాళ్ళ సంగతి. ఇక కుర్చీ లేనివాళ్ళ సంగతి చూద్దాం.

అంగన్‌వాడీ పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. యాభై ఏళ్ళు గడిచినా ఆ పని చేసేవాళ్ళకి వచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. 2021 మార్చిలో కేంద్ర ప్రభుత్వం పోషణ్ ట్రాకర్ అనే యాప్ తెచ్చింది. పిల్లల హాజరు, బరువు, ఎత్తు, ఇంటి సందర్శనలు అన్నీ అందులో ఎక్కాలి. రాష్ట్ర ప్రభుత్వ యాప్‌లు వేరే. రిజిస్టర్లు పోతాయన్నారు. చాలాచోట్ల రిజిస్టర్లూ వున్నాయి, యాప్‌లూ వచ్చాయి. సిగ్నల్ లేకపోతే రాత్రి ఇంటికెళ్ళి మేడ మీద నిలబడి అప్‌లోడ్ చేయాలి. ఆ గంట ఏ లెక్కలోకీ రాదు. మహారాష్ట్రలో 2021లో అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వం ఇచ్చిన ఫోన్లని తిరిగి ఇచ్చేసి నిరసన తెలిపారు. పాత ఫోన్లు పనిచేయడం లేదని, యాప్ తమకు అర్థమయ్యే భాషలో లేదని వాళ్ళ ఫిర్యాదు. అది యంత్రమంటే భయపడినవాళ్ళు చేసిన పని కాదు, దాన్ని వాడి చూసినవాళ్ళు చేసిన పని.

2025 జూలై 1 నుంచి ఇంటికిచ్చే పోషకాహారానికి ముఖ గుర్తింపు తప్పనిసరి చేశారు. గర్భిణి ముఖం ఫోటో తీయాలి, ఆధార్‌తో సరిచూడాలి, ఆధార్‌కి లంకె వున్న నెంబరుకి ఓటీపీ రావాలి. ఆ నెంబరు చాలాసార్లు భర్తది. మన తీరంలో మత్స్యకారుల వాడల్లో ఇది ఎలా వుంటుందో ఆలోచించండి. ఒక టీచరు నాతో, "ఆళ్ళాయన ఏటకెల్లాడు మేడమ్, ఓటీపీ సముద్రంలో వుంది" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఎదురుగా నిలబడ్డ గర్భిణి నవ్వలేదు. బాలింతని పేరుపెట్టి పిలిచే టీచరు ఎదురుగా వుంది. ఆమె మాట చెల్లదు, యంత్రం మాటే చెల్లుతుంది. గుడ్లూ పాలూ అందకపోతే తిట్లు మాత్రం టీచరుకే. ఇంటి పక్కవాళ్ళ దగ్గర ముఖం చెల్లక కొందరు తమ జేబులోంచి ఏదో ఒకటి ఇచ్చి పంపిస్తున్నారు. ఈ ఖర్చు ఏ యాప్‌లోనూ ఎక్కదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019-21) ప్రకారం మన రాష్ట్రంలో తాము స్వయంగా వాడుకునే సెల్‌ఫోన్ వున్న స్త్రీలు 48.9 శాతం. ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడిన స్త్రీలు 21 శాతమే, మగవాళ్ళు 48.8 శాతం. ఆ తర్వాత ఈ అంకెలు పెరిగే వుంటాయి. అయినా ఇంట్లో ఫోన్ వుండడం వేరు, ఆవిడ ఫోన్ వుండడం వేరు. ఇంట్లో ఒక్క ఫోన్ వుంటే అది ఎవరి జేబులో వుంటుందో మీకు చెప్పక్కర్లేదు. హక్కుల్ని ఫోన్‌కి ముడిపెట్టడం అంటే చాలా ఇళ్ళలో వాటిని తిరిగి భర్త జేబులో పెట్టడమే.

చేపలమ్ముకునే అక్కలు మరో ఉదాహరణ. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయ్యాక, ఆ తర్వాత కరోనా కాలంలో, గంపల పక్కన క్యూఆర్ కోడ్ అట్టలు వెలిశాయి. 'రెండు వందల రూపాయలు అందాయి' అని డబ్బా అరుస్తుంది. అందినవి ఎవరికి? ఒకావిడని అడిగాను. ఖాతా కొడుకు పేరు మీద వుందట. "ఆడే సూసుకుంటాడమ్మా" అంది. అంతకుముందు డబ్బు రొంటిన దోపుకునేది. సాయంత్రం దాకా అది ఆవిడదే. బియ్యం కొన్నాక మిగిలింది ఎంతో ఇంట్లో ఎవరికీ తెలిసేది కాదు. ఆ తెలియకపోవడంలో ఆవిడకి కొంత స్వేచ్ఛ వుంది. ఇప్పుడు ప్రతి రూపాయీ కొడుకు చేతిలో మోగుతుంది. నగదు లేని వ్యవహారం పారదర్శకం అంటారు. ఎవరికి పారదర్శకం అని కూడా అడగాలి కదా.

ఫోన్ వద్దని నేను అనడం లేదు. అలా అనడానికి నాకు నోరు లేదు, పొద్దున్న లేవగానే చూసేది దాన్నే. 2023 డిసెంబరు 12న మన రాష్ట్రంలో అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు సమ్మెలోకి దిగారు. అప్పటికి కార్యకర్తకి నెలకి 11,500 రూపాయలు, ఆయాకి 7,000. జీతం పెంచాలన్నారు, 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తమకు వర్తిస్తుందని చెప్పిన గ్రాట్యుటీ ఇవ్వాలన్నారు. 2024 జనవరిలో ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. అయినా సమ్మె 42 రోజులు సాగింది. ఏ ఊళ్ళో ఏం జరుగుతోందో సాయంత్రానికి అందరికీ తెలిసిందంటే ఈ ఫోన్ల వల్లే. హాజరు ఫోటోలు పెట్టడానికి నేర్చుకున్న వేళ్ళే శిబిరం ఫోటోలూ పెట్టాయి. వస్తువుకి తనంతట తనకి పక్షపాతం లేదు. దాని వేళలు ఎవరు నిర్ణయిస్తారన్నదే ప్రశ్న.

చట్టం దగ్గరికి వస్తాను. బయట ఊళ్ళకి వెళ్ళినప్పుడు నన్ను చాలామంది అడుగుతుంటారు, 'విశాఖ మార్గదర్శకాలు మీ ఊరివేనా' అని. కాదు. అవి రాజస్థాన్‌వి. 'విశాఖ' అక్కడి ఒక స్త్రీల సంస్థ పేరు. కానీ ఆ కేసు మన ఊరికి చాలా దగ్గర. భన్వరీ దేవి భటేరీ గ్రామంలో ప్రభుత్వ స్త్రీ అభివృద్ధి కార్యక్రమంలో 'సాథిన్'. మన అంగన్‌వాడీ వాళ్ళలాగే గౌరవ వేతనం మీద పనిచేసే మనిషి. బాల్యవివాహాన్ని ఆపే ప్రయత్నం చేసినందుకు 1992లో ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. ఆమె పనిస్థలానికి గోడలు లేవు. పొలంగట్టూ ఊరివీధీ ఆమె ఆఫీసు. 1997 ఆగస్టు 13న సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది, వాటి నుంచి 2013 చట్టం వచ్చింది. ఆ చట్టం పనిస్థలం అన్న మాటని విశాలంగా చెప్పింది. ఉద్యోగరీత్యా వెళ్ళిన చోటల్లా, యజమాని ఏర్పాటుచేసిన వాహనం కూడా అందులోకి వస్తాయి. మాటల ద్వారా కానీ మరో రకంగా కానీ చేసే అవాంఛనీయ లైంగిక ప్రవర్తనంతా వేధింపే. కాబట్టి ఆఫీసు గ్రూపులో అధికారి పెట్టిన బూతు జోకు 'సరదా' కిందికి పోదు. రాత్రి పన్నెండుకి 'పడుకున్నావా' అన్న మెసేజ్ కూడా 'క్షేమసమాచారం' కాదు. అలాంటివి వస్తే సిగ్గుపడి చెరిపేయకండి. తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి ఇంకో ఫోన్‌లో దాచండి. ఫిర్యాదుకి గడువు మూడు నెలలు, కారణం వుంటే మరో మూడు నెలలు.

పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ వుండాలి. అంతకంటే తక్కువ వున్నచోట, లేదా యజమాని మీదే ఫిర్యాదైతే, జిల్లా స్థానిక కమిటీకి వెళ్ళాలి. ఇక్కడ మన వాళ్ళకి ఒక చిక్కు వుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి. గాజువాకలో ఇల్లు, అచ్యుతాపురంలోనో పరవాడలోనో పని. ఫ్యాక్టరీ వున్నది అనకాపల్లి జిల్లాలో కాబట్టి కమిటీ అక్కడిది. విశాఖ కలెక్టరేటుకి వెళ్ళి వెనక్కి వచ్చిన అమ్మాయి మళ్ళీ బస్సెక్కుతుందనుకోవడం మన అత్యాశ. కమిటీల్ని సరిగ్గా ఏర్పాటు చేయమని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో గట్టిగానే చెప్పింది. రెండు జిల్లాల కమిటీ సభ్యుల పేర్లూ ఫోన్ నెంబర్లూ ప్రతి సంస్థ ఆఫీసులో గోడ మీద వుండేలా చూసుకుందాం.

వేధింపుకి చట్టం వుంది కానీ వేళకి లేదు. పనివేళల తర్వాత ఫోన్‌కి జవాబివ్వకుండా వుండే హక్కు ఫ్రాన్సులో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 నుంచి వుంది. మన పార్లమెంటులో సుప్రియా సూలే 2018లో ఇలాంటి ప్రైవేటు బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. మన రాష్ట్రంలో గాలి ఎదురువైపు వీస్తోంది. ఫ్యాక్టరీల్లో రోజుకి గరిష్ఠ పనిగంటల్ని తొమ్మిది నుంచి పదికి పెంచడానికి 2025 జూన్‌లో మంత్రివర్గం ఆమోదం తెలిపింది. పదో గంట చేసి వచ్చిన ఆవిడకి ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగించి పెడతారన్న ప్రశ్న ఆ చర్చలో నాకెక్కడా వినపడలేదు.

అంగన్‌వాడీ వాళ్ళకీ ఆశా వాళ్ళకీ ఫ్యాక్టరీ గంటలు కూడా లేవు. మన స్వచ్ఛంద సంస్థల సంగతి చెప్పుకోవాలంటే నాకు మొహమాటంగా వుంది. హక్కుల గురించి శిక్షణ ఇచ్చే మనమే ఫీల్డ్ కార్యకర్తని ఆదివారం 'ఫోటోలు పంపలేదేం' అని అడుగుతాం. దాతలకి నివేదిక పంపాలి నిజమే. అది సోమవారం అడగొచ్చు.

డిమాండ్ పెట్టాలంటే ముందు మన దగ్గర లెక్క వుండాలి. మా నాన్న ఓటీ అడగగలిగాడంటే గేటు దగ్గర రాసిన టైమ్ వుంది కాబట్టి. మనకి ఆ గేటు లేదు. అందుకని చిన్న పని ఒకటి అడుగుతున్నాను. ఒక నెల రోజులు, సాయంత్రం ఆరు దాటాక వచ్చిన పని మెసేజ్‌లు, ఫోన్లు, అప్‌లోడ్‌లు రాసి పెట్టండి. ఎన్నింటికి వచ్చింది, ఎవరి నుంచి, ఎంతసేపు పట్టింది, ఆ సమయంలో మీరు ఏం చేస్తున్నారు. రీచార్జికి మీ చేతి డబ్బు ఎంతయిందో కూడా రాయండి. ఫోన్‌లో కాదు, కాగితం మీద. తలుపు దగ్గర బల్ల మీద నలభై పేజీల నోటు పుస్తకాలు పెట్టాను, వెళ్ళేటప్పుడు తలా ఒకటి తీసుకోండి. వచ్చే నెల ఇక్కడే కలిసి వాటిని కూడుదాం.